కడితే చాలు, వృద్ధి దానంతట అదే వస్తుందా?

కొన్ని నెలలుగా ఒక సందేశం ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతోంది. పైన రెండు ఫొటోలు: చైనాలో ఎనిమిది వరుసల రహదారి ఒకటి, మన దగ్గర గుంతలో దిగబడిన లారీ ఇంకొకటి. కింద వాదన. భారతదేశం పేదగా ఉండిపోవడానికి కారణం మౌలిక వసతులు లేకపోవడం ఒక్కటేనట. ఎంత కడితే అంత వృద్ధి వస్తుందట. కరెంటు సమస్య తీరిపోయిందట, అవసరాన్ని మించిన సామర్థ్యం ఉంది కాబట్టి. సరుకు రవాణా ఖర్చు జీడీపీలో 14 శాతం ఉండబట్టే మన ఫ్యాక్టరీలు పోటీకి నిలవలేకపోతున్నాయట. ప్రాజెక్టులు ఆగేది భూమి ఇవ్వని రైతుల వల్లనట. చైనా ఎవరినీ అడగకుండా కట్టింది కాబట్టే ఎదిగిందట.

ఒక్క వారంలో నలుగురు నాకు దీన్ని పంపారు. నలుగురూ దేశం బాగుపడాలని మనసారా కోరుకునేవాళ్లే. ఆ కోరిక నాకూ ఉంది కాబట్టే ఒక్కొక్క మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందుగా ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. రోడ్డు, రైలు, కరెంటు లేకుండా ఏ దేశమూ ఎదగలేదు. బ్రిటిష్ పాలనలో రైలు చేరిన జిల్లాల్లో రైతుల నిజ ఆదాయాలు (ధరల పెరుగుదలను తీసేసి చూసిన ఆదాయాలు) గణనీయంగా పెరిగాయని ఆర్థికవేత్త డేవ్ డొనాల్డ్‌సన్ పాత రికార్డులు తవ్వి చూపించారు. ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలిపిన 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజి విషయంలోనూ అంతే. ఆ రహదారికి పది కిలోమీటర్ల లోపు ఉన్న జిల్లాల్లో తయారీ రంగం దూరంగా ఉన్న జిల్లాల కంటే బాగా పుంజుకుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ “ఎంత కడితే అంత” అన్న దగ్గర మొదలవుతుంది. స్వర్ణ చతుర్భుజి కలిపింది అప్పటికే ఫ్యాక్టరీలు, బ్యాంకులు, రేవులు, నైపుణ్యం ఉన్న కార్మికులు ఉన్న చోట్లను. అవేవీ లేని చోటికి రోడ్డు వెళితే ఏమవుతుంది? దీనికీ మన దేశంలోనే సమాధానం దొరికింది. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద రోడ్డు వచ్చిన ఊళ్లను, రాని ఊళ్లను శామ్ ఆషర్, పాల్ నొవొసాద్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పోల్చి చూశారు. 2020లో అచ్చయిన వారి పరిశోధన ప్రకారం, రోడ్డు రావడంతో చాలామంది వ్యవసాయ పనులు వదిలి బయటి కూలి పనులకు వెళ్లగలిగారు. కానీ ఊళ్లో పంటల తీరు, ఇళ్లలో ఆస్తులు, ఆదాయాలు చెప్పుకోదగినంతగా మారలేదు. అంత మాత్రాన ఆ రోడ్లు దండగ అని నేను అనను. అంబులెన్సు రాగలిగింది, పిల్లలు పెద్ద బడికి వెళ్లగలిగారు. అది చిన్న మేలు కాదు. రోడ్డు పడితే ఊరు సంపన్నమవుతుందన్న లెక్క మాత్రం తప్పు. రోడ్డు దారి చూపుతుంది. ఆ దారిన పంపడానికి పంట, దాన్ని పండించడానికి నీరు, పెట్టుబడికి అప్పు, కొనడానికి మార్కెట్టు వేరే ఎక్కడి నుంచో రావాలి.

దేశం మొత్తం మీద చూసినా అదే కథ. జాతీయ రహదారుల పొడవు 2014లో 91,287 కిలోమీటర్లు. పదేళ్లకు అది 1.46 లక్షల కిలోమీటర్లు దాటింది. కేంద్రం ఒక్కటే 2024–25 బడ్జెట్లో మూలధన వ్యయానికి, అంటే రోడ్లు, రైళ్ల లాంటి కొత్త నిర్మాణాలకు, 11.11 లక్షల కోట్ల రూపాయలు కేటాయించింది. ఇంకోవైపు, జీడీపీలో తయారీ రంగం వాటాను పదేళ్లలో 25 శాతానికి చేర్చాలని 2011 జాతీయ తయారీ విధానం పెట్టుకున్న లక్ష్యం గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆ వాటా ఇప్పటికీ 17 శాతం చుట్టుపక్కలే తిరుగుతోంది. కట్టడమే సరిపోయేదైతే ఈ రెండు అంకెలూ కలిసి నడవాలి కదా?

పైగా కట్టడానికి అప్పు కావాలి. 2000ల మధ్యలో వచ్చిన ఊపులో విద్యుత్ కేంద్రాలకు, రహదారులకు, ఉక్కు ఫ్యాక్టరీలకు బ్యాంకులు విచ్చలవిడిగా అప్పులిచ్చాయి. ఆదాయ అంచనాలు కాగితాల మీదే ఉండిపోయాయి. 2018 మార్చి నాటికి బ్యాంకులు ఇచ్చిన అప్పుల్లో స్థూల మొండి బకాయిలు 11 శాతం దాటాయి. అదే ఏడాది మౌలిక వసతులకే పెట్టుబడి సమకూర్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ కుప్పకూలింది. దాని నెత్తిన ఉన్న అప్పు 90 వేల కోట్ల రూపాయలకు పైమాటే. ఆ దెబ్బకు మిగతా పరిశ్రమలకు, చిన్న వ్యాపారులకు కూడా అప్పు పుట్టడం కష్టమైంది. లెక్క తప్పిన నిర్మాణం వృద్ధిని తేకపోగా ఉన్న వృద్ధికే అడ్డుపడిన సందర్భం అది.

ఇక కరెంటు. నన్ను ఎక్కువ బాధపెట్టిన మాట ఇదే. అవసరాన్ని మించిన సామర్థ్యం ఉందన్నది కాగితం మీద నిజమే. 2024 మే 30న దేశంలో గరిష్ఠ డిమాండు 2.5 లక్షల మెగావాట్లకు చేరింది. అప్పటి స్థాపిత సామర్థ్యం, అంటే ఉన్న కేంద్రాలన్నీ కలిసి ఉత్పత్తి చేయగల గరిష్ఠ విద్యుత్తు, దాదాపు 4.4 లక్షల మెగావాట్లు. కానీ స్థాపిత సామర్థ్యం అంటే ఇంట్లో స్విచ్చు దగ్గరికి వచ్చే కరెంటు కాదు. రాత్రి పూట సౌర ఫలకాలు పనిచేయవు, బొగ్గు అందని యూనిట్లు తిరగవు. 2018లో పార్లమెంటు స్థాయీ సంఘం 34 థర్మల్ కేంద్రాలు, సుమారు 40 వేల మెగావాట్లు, ఆర్థిక ఇబ్బందుల్లో చిక్కుకున్నాయని నివేదించింది. కొన్నింటికి బొగ్గు లేదు, కొన్నింటి కరెంటు కొంటామని ఒప్పందం చేసుకున్నవాళ్లు లేరు. అవన్నీ అలా నిలిచిపోయిన రోజుల్లోనే ఊళ్లలో కోతలూ ఉన్నాయి.

మా బావగారు ఒక పారిశ్రామికవాడలో చిన్న ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్ నడుపుతారు. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం నేను అక్కడే ఉండగా కరెంటు పోయింది. యంత్రం బ్యారెల్‌లో అప్పటికే కరిగి ఉన్న ప్లాస్టిక్ మెల్లగా బిగుసుకోవడం మొదలైంది. ఇరవై ఐదు నిమిషాలకు కరెంటు వచ్చింది. కానీ పని మొదలుకాలేదు. హీటర్లు మళ్లీ వేడెక్కాలి, లోపల మాడిన సరుకును బయటికి తోసేయాలి. నాజిల్ నుంచి పసుపుపచ్చని ముద్దలు ఒకదాని తర్వాత ఒకటి కింద పడుతుంటే బావగారు ఏమీ మాట్లాడకుండా చూస్తూ నిలబడ్డారు. మొదటి మంచి పీసు బయటికి వచ్చేసరికి గంటంపావు గడిచింది. ఇద్దరు పనివాళ్లకు ఆ గంటంపావుకూ కూలి ఇవ్వాలి. సబ్‌స్టేషన్ పుస్తకంలో అది ఇరవై ఐదు నిమిషాల అంతరాయం. అది కూడా రాస్తేనే.

ఇది ఆయన ఒక్కరి అనుభవం కాదు. విద్యుత్ కొరత వల్ల మన దేశంలో సగటు ఫ్యాక్టరీ రాబడి 5 నుంచి 10 శాతం తగ్గుతోందని 2016లో వెలువడిన ఒక ప్రముఖ అధ్యయనం లెక్కగట్టింది. పెద్ద ఫ్యాక్టరీ జనరేటరు పెట్టుకుని నెట్టుకొస్తుంది. నలుగురు పనిచేసే చోట ఆ ఖర్చు భరించలేరు. అందుకే దెబ్బ చిన్నవాళ్లకే ఎక్కువ తగులుతుంది. కొత్త కేంద్రం కట్టినంత మాత్రాన ఈ లోపం తీరదు, ఎందుకంటే అది చివరి మైలులో ఉంది: భారం మించిన ట్రాన్స్‌ఫార్మర్‌లో, తీగలు వేలాడే ఫీడర్‌లో, డబ్బులేని డిస్కంలో, అంటే కరెంటు పంపిణీ చేసే సంస్థలో. పంపిన విద్యుత్తులో సాంకేతిక, వాణిజ్య నష్టాల కింద ఇటీవలి సంవత్సరాల్లో 15, 16 శాతం దాకా పోతోంది. కొంత తీగల్లో, కొంత దొంగతనంలో, కొంత వసూలు కాని బిల్లుల్లో. రాబడి లేని డిస్కం ట్రాన్స్‌ఫార్మర్ మార్చదు. సరిగా రాని కరెంటుకు వినియోగదారుడు మనస్ఫూర్తిగా బిల్లు కట్టడు. 2002లో ఒకసారి, 2012లో ఒకసారి, 2015లో ఉదయ్ పేరుతో ఇంకోసారి డిస్కంల అప్పులను ప్రభుత్వాలు నెత్తికెత్తుకున్నాయి. ఉదయ్ నాటికి ఆ అప్పు 4.3 లక్షల కోట్ల రూపాయలు. అప్పు చేతులు మారింది కానీ చివరి మైలు మారలేదు, కాబట్టి అప్పు మళ్లీ పేరుకుంది.

రవాణా ఖర్చు 14 శాతం అన్నదానికి జవాబు చిన్నది. మంత్రులు కూడా వేదికల మీద చెప్పిన ఆ అంకె వెనుక గట్టి లెక్క లేదు. పరిశ్రమల ప్రోత్సాహక శాఖ కోసం జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలి 2023లో లెక్కవేస్తే, 2021–22కు ఆ ఖర్చు జీడీపీలో 7.8 నుంచి 8.9 శాతం మధ్య తేలింది. ఆ తర్వాత కూడా పాత అంకె సందేశాల్లో తిరుగుతూనే ఉంది. ఖర్చు తగ్గించనక్కర్లేదని కాదు. ఒకప్పుడు సరుకులో సింహభాగాన్ని మోసిన రైలు వాటా నాలుగో వంతు పైచిలుకుకు పడిపోవడం నిజమైన సమస్యే. తప్పు అంకెతో మొదలుపెడితే మందు కూడా తప్పుదే అవుతుంది.

భూమి ఇవ్వని రైతుల మాట చూద్దాం. కేంద్ర గణాంక శాఖ 150 కోట్ల రూపాయలు దాటిన ప్రాజెక్టుల మీద నివేదికలు ఇస్తూ వచ్చింది. 2024 మార్చి నివేదిక ప్రకారం 1,873 ప్రాజెక్టుల్లో 779 ఆలస్యంగా నడుస్తున్నాయి. 449 ప్రాజెక్టుల ఖర్చు కలిపి 5 లక్షల కోట్ల రూపాయలకు పైగా పెరిగింది. కారణాల జాబితాలో భూసేకరణ ఉంది, దాచవలసిన పనిలేదు. దాని పక్కనే నిధులు సమకూరకపోవడం, టెండర్ల జాప్యం, డిజైన్ పూర్తికాకుండానే పని మొదలుపెట్టడం, మధ్యలో పని స్వరూపం మార్చేయడం కూడా ఉన్నాయి. ప్రైవేటు ప్రాజెక్టులు ఆగిపోవడానికి ప్రధాన కారణం మార్కెట్ పరిస్థితులేనని 2014–15 ఆర్థిక సర్వే చెప్పింది. ఇవేవీ రైతు చేసిన తప్పులు కావు. తరతరాల భూమి పోతున్నవాడు ధర అడిగితే దేశద్రోహిగా చూపించే వాక్యాన్ని ఫార్వర్డ్ చేసేముందు ఆ ఇంటి గడపలో నిలబడి ఒక్క క్షణం ఆలోచించమని అడుగుతున్నాను.

చైనా విషయంలో సందేశం కాలాన్ని తలకిందులు చేసింది. సంస్కరణలు 1978లో మొదలయ్యాయి. 1980లలోనే ఆ దేశం ఏటా దాదాపు పది శాతం చొప్పున ఎదిగింది. తొలి ఎక్స్‌ప్రెస్‌వే షాంఘై దగ్గర 1988లో తెరుచుకుంది, అదీ ఇరవై కిలోమీటర్లకు లోపే. గంటకు 350 కిలోమీటర్ల వేగంతో నడిచిన బీజింగ్–తియాన్‌జిన్ రైలు 2008లో వచ్చింది. అంటే ఫొటోలో కనిపించే వైభవం ముప్పై ఏళ్ల వృద్ధి తర్వాత దాని సంపాదనతో వచ్చింది. దానికి ముందు చైనా వేసుకున్న పునాది వేరు. 1990 జనగణన నాటికి అక్కడ వయోజనుల్లో దాదాపు 78 శాతం అక్షరాస్యులు. 1991 జనగణనలో మన అక్షరాస్యత 52 శాతం. ఆ తేడాను ఏ ఫ్లైఓవరూ పూడ్చదు. ఎవరినీ అడగకుండా కట్టడం వల్ల లాభమా అంటే, చైనాలోని 95 రోడ్డు, రైలు ప్రాజెక్టులను 2016లో పరిశీలించిన ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు వాటిలో సగానికి పైగా ఖర్చుకు తగిన ప్రయోజనం ఇవ్వలేదని తేల్చారు. అక్కడి స్థానిక ప్రభుత్వాలు చాటుగా చేసిన అప్పుల కోసం 2024 నవంబరులో పది లక్షల కోట్ల యువాన్ల పథకం ప్రకటించవలసి వచ్చింది.

సందేశంలో లేని మాట ఒకటుంది: నిర్వహణ. నా దృష్టిలో అసలు విషయం ఇదే.

రోడ్డు ఎలా చస్తుందో ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ముందు వెంట్రుకంత పగులు వస్తుంది. వానాకాలంలో అందులోంచి నీరు దిగుతుంది. పక్క కాలువ పూడిపోయి ఉంటే ఆ నీరు బయటికి పోలేక కింద కంకర పొరలోనే నిలుస్తుంది. లారీ చక్రం పడినప్పుడల్లా పొర మెత్తబడి మట్టి పైకి వస్తుంది. ఒక్క సీజనులో పగులు గుంత అవుతుంది. మొదట్లోనే పగులులో తారు పోసి, కాలువలో పూడిక తీస్తే సరిపోయేది. ఆలస్యమైతే అడుగు నుంచి తవ్వి వేయాలి. సకాలంలో 12 వందల కోట్ల డాలర్లు మరమ్మతులకు పెట్టి ఉంటే పదేళ్లలో ఆఫ్రికా దేశాలకు 45 వందల కోట్ల డాలర్ల రోడ్ల పునర్నిర్మాణ ఖర్చు తప్పేదని ప్రపంచ బ్యాంకు 1994లోనే రాసింది.

వంతెనల దగ్గర ఈ నిర్లక్ష్యం ప్రాణాలు తీస్తుంది. 2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో, మరమ్మతు చేశామని తెరిచిన కొద్ది రోజులకే వేలాడే వంతెన తెగి 130 మందికి పైగా చనిపోయారు. 2024లో బిహార్‌లో కొద్ది వారాల్లోనే పదికి పైగా వంతెనలు కూలాయి. 2025 జూలైలో గుజరాత్‌లో మహీ నది మీది గంభీరా వంతెనలో ఒక భాగం వాహనాలతో సహా నదిలో పడింది. దాని వయసు నలభై ఏళ్లే.

ఎందుకిలా జరుగుతుంది? కొత్త నిర్మాణం మూలధన వ్యయం కింద వస్తుంది. దానికి కేంద్ర నిధులు, రుణాలు, శంకుస్థాపన ఉంటాయి. కాలువ పూడిక తీయడం రెవెన్యూ వ్యయం, అంటే ఏటా నడిపే మామూలు ఖర్చు. ఖజానా బిగుసుకున్నప్పుడు ముందుగా కోత పడేది అక్కడే. దానికి శిలాఫలకం ఎవరూ వేయరు.

మా ఊరికి వెళ్లే గ్రామ సడక్ రోడ్డు మొదట్లో ఒక బోర్డు ఉంది. రోడ్డు పొడవు, నిర్మాణ వ్యయం, కాంట్రాక్టు వివరాలు, వాటి కింద మొదటి ఏడాది నుంచి ఐదో ఏడాది దాకా నిర్వహణకు ఎంత ఇవ్వాలో వరుసగా రాశారు. ఐదేళ్లు నిండి చాలా కాలమైంది. బోర్డుకు ఇరవై అడుగుల దూరంలో కల్వర్టు పక్కన రోడ్డు అంచు కొరికేసినట్టుగా ఊడిపోయింది. సైకిళ్లు దాన్ని తప్పించుకుని నడిమధ్యకు వస్తున్నాయి. బోర్డు మీద ఆరో ఏడాదికి వరుస లేదు.