శ్రీయుత సెట్‌సిస్టమ్‌టైమ్ గారికి ఒక బిల్లింగ్ ప్రోగ్రామర్ రాయునది

అయ్యా,

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు, విండోస్ ఉన్నంతకాలం మీకొచ్చే లోటేమీ లేదు. ఉభయకుశలోపరి.

మీరెవరో తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. కంప్యూటర్ తెర మీద కింద మూలన కనిపించే టైమ్‌ని మనిషి మౌస్ పట్టుకుని మార్చొచ్చని అందరికీ తెలుసు. ప్రోగ్రామ్ కూడా మార్చగలదు, విండోస్‌లో దానికి ఆ పని చేసిపెట్టే ఫంక్షనే తమరు. ఏడాది, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను, మిల్లీసెకను నింపిన ఫారం ఒకటి మీ చేతిలో పెడితే చాలు, మరుక్షణం మిషన్ మొత్తానికీ అదే టైమ్. ఆ ఫారంలో వారం అనే గడి కూడా ఉంది కానీ దాన్ని మీరు చూడనే చూడరు. ఆదివారానికి బుధవారం అని రాసినా మీకు పట్టదు. అడుగుతారు, నింపించుకుంటారు, చదవరు. సర్కారీ ఫారాలు నింపి పెరిగినవాణ్ని కాబట్టి నాకిందులో వింతేమీ లేదు. ఏడాది గడి మాత్రం 1601తో మొదలై 30827 దాకా పోతుంది. 1601 అంటే చార్మినార్ కట్టి పదేళ్లు. అంత వెనక్కి బిల్లు కొట్టమని ఇంతవరకూ ఏ కస్టమరూ అడగలేదు, అడిగేలోపు మీకు చెప్పి ఉంచుతున్నాను.

పోతే, మీకు మన టైమ్ పట్టదు. ఉదయం పదిన్నర అని ఇస్తే గడియారంలో సాయంత్రం నాలుగు కనిపిస్తుంది. మీరు పుచ్చుకునేది యూటీసీ, అంటే ప్రపంచమంతా లెక్కకు పెట్టుకునే ప్రామాణిక టైమ్, మనం దానికి ఐదున్నర గంటలు ముందున్నాం. మన టైమ్‌లోనే ఇవ్వాలంటే మీ తమ్ముడు సెట్‌లోకల్‌టైమ్ గారి దగ్గరకు వెళ్లాలి. ఆయన్ని ఒక్కోసారి రెండుసార్లు పిలవాల్సి రావచ్చని మైక్రోసాఫ్ట్ వాళ్లే రాసిపెట్టారు. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుకునే దేశాల్లో, మొదటిసారి పిలిస్తే ఆయన ఇంకా పాత సీజన్ లెక్కలోనే ఉంటారట. రెండో పిలుపుకే పలికే గుమాస్తాని మన దగ్గర చురుకైనవాడంటాం. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు.

ఫిర్యాదల్లా మీ మొహమాటం మీద. ఎవరు పిలిచినా వెళ్లిపోతారు. ఎందుకని అడగరు.

నేను చిన్న షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసుకుని బతికేవాణ్ని. మా వృత్తిలో మార్చి 31 ఒక సీజన్, ఏప్రిల్ రెండో వారం దాకా నడుస్తుంది. ఆ సీజన్‌లో ఒక హోల్‌సేల్ షాపు పెద్దాయన నాకు ఫోన్ చేస్తాడు.

"బాబూ, నీ సాఫ్ట్‌వేర్ పాత డేట్ తీసుకోవట్లేదు."

"తీసుకోదండీ. ఏ రోజు కొడితే ఆ రోజు తేదీయే పడుతుంది."

"అయితే కంప్యూటర్ డేటే వెనక్కి జరిపే బటన్ ఒకటి పెట్టు. బిల్లులు కొట్టుకున్నాక మళ్లీ ముందుకు జరపడానికి ఇంకోటి."

"అలా కుదరదండీ."

"కంప్యూటర్ మన మాట వినాలి గానీ, మనం దాని మాట వినడమేంటయ్యా?"

ఈ ఒక్క ప్రశ్నకు జవాబుగా పుట్టినవారే మీరు. పెద్దాయనకి మీ పేరు తెలియదు గానీ మీ అవసరం మాత్రం బాగా తెలుసు.

ఆయనకి తెలియనిదల్లా గడియారం మిషన్‌లో ఒక సాక్షి అన్న సంగతి. ఫైల్ ఎప్పుడు పుట్టిందో, ట్రయల్ సాఫ్ట్‌వేర్ గడువు ఎప్పుడు తీరుతుందో, బ్యాంకు సైటు అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ చెల్లుతుందో లేదో, అన్నిటికీ అదొక్కటే సాక్ష్యం చెప్పాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కల్లో జరిగే ప్రతి మార్పునీ దాని తేదీతో సహా రాసిపెట్టే ఎడిట్ లాగ్ ఉండి తీరాలని, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదని రూల్ వచ్చింది. మంచి రూలే. లాగ్‌ని ఎవరూ ఆపలేరు. కానీ షాపులో ఒక్క కంప్యూటర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్ అయితే, ఆ లాగ్ తేదీ కోసం ఎవరి మొహం చూస్తుంది? గడియారం మొహమే. ఆ గడియారం ఎవరి మాట వింటుంది? తమరి మాటే. తాళం బ్రహ్మాండమైనది వేశారు, తాళంచెవి మీ జేబులో పెట్టారు.

పెద్దాయన ఊరుకోడు కదా, చేత్తోనే పది రోజులు వెనక్కి జరుపుతాడు. ఆ మధ్యాహ్నం బ్రౌజర్ 'మీ గడియారం వెనకబడి ఉంది' అంటుంది. బ్యాంకు సైటు వారం కిందటే సర్టిఫికెట్ మార్చుకుని ఉంటే, ఆయన కంప్యూటర్ దృష్టిలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. ముప్పై సెకన్లకొకసారి మారే లాగిన్ కోడ్‌లు ఆ కంప్యూటర్‌లోనే వస్తుంటే అవీ చెల్లవు. పెద్ద ఆఫీసుల్లో అయితే సర్వర్‌కీ మన మిషన్‌కీ మామూలుగా ఐదు నిమిషాల తేడాని మించితే లాగిన్‌కే దిక్కులేదు. పెద్దాయన మళ్లీ ఫోన్ చేస్తాడు: "నీ సాఫ్ట్‌వేర్ వేసుకున్నప్పటి నుంచి బ్యాంకు సైటు తెరుచుకోవట్లేదు బాబూ." జరిపింది ఆయన, జరిగింది నాకు.

మీ వంశ చరిత్ర కూడా తక్కువది కాదు. విండోస్‌కి ముందున్న డాస్ రోజుల్లో ఈ పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తేదీ మార్చడానికి ఒక నంబరు, టైమ్‌కి ఒక నంబరు, ప్రోగ్రామ్ ఆ నంబరుతో పిలిస్తే చాలు. మిషన్ ఆన్ చేయగానే తేదీ ఎంత అని అదే అడిగేది. లోపల బ్యాటరీ గడియారం లేని పీసీల్లో జనం ఎంటర్ కొట్టి ముందుకు పోయేవాళ్లు, డాస్ తన లెక్క మొదలయ్యే రోజే వేసుకునేది. అందుకే ఆ కాలపు ఫైళ్లలో చాలావాటి పుట్టినరోజు 1980 జనవరి 1. ఐబీఎం పీసీ మార్కెట్లోకి వచ్చిందే 1981 ఆగస్టులో. తల్లి కంటే బిడ్డే పెద్దది! విజువల్ బేసిక్ 6 అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో ఇంకో సొగసు. డేట్ అన్న పేరుకు ఒక విలువ ఇస్తే అది కంప్యూటర్ తేదీనే మార్చేస్తుంది. నేర్చుకునే కుర్రాడు డెలివరీ తేదీ దాచుకుందామని 'డేట్' అని రాస్తాడు, అదే కంప్యూటర్‌లో తెరిచి ఉన్న అకౌంటెంట్ ఎక్సెల్‌లో ఈ రోజు తేదీ వచ్చే వారానికి దూకుతుంది.

తర్వాత మీకూ కాపలా పెట్టారు, ఒప్పుకుంటాను. టైమ్ మార్చే హక్కు లేని యూజర్ మిమ్మల్ని పిలిస్తే 1314 అనే ఎర్రర్ మొహాన కొడతారు. తమాషా ఏమిటంటే విండోస్ విస్టా నుంచి టైమ్ జోన్‌ని మామూలు యూజర్ కూడా మార్చుకోవచ్చు. టైమ్ ముట్టుకోకూడదు గానీ కంప్యూటర్‌ని హైదరాబాద్ నుంచి హవాయికి పంపించొచ్చు. విండోస్ లాంటిదే అయిన లైనక్స్‌లో మీ బంధువు క్లాక్‌సెట్‌టైమ్ గారు రూట్ అధికారం, అంటే మిషన్ మీద సర్వహక్కులు, లేనివాళ్లతో మాట్లాడరు. మిషన్ లేచి పది రోజులైందనుకోండి, రూట్ చెప్పినా సరే 1970 జనవరి 11 కంటే వెనక్కి పోనివ్వరు, ఆయన లెక్క మొదలయ్యేది 1970 జనవరి 1న. లేచినప్పటి నుంచి నడిచిన టైమ్ కంటే గడియారం చిన్నదైతే ఆయనకి లెక్క కుదరదు. ఆండ్రాయిడ్‌లో మామూలు యాప్‌కి ఈ హక్కే ఇవ్వరు. ఈ కాపలా నాకు చాలా ఇష్టం. కాకపోతే మన షాపుల్లో అందరూ అడ్మిన్‌గానే లాగిన్ అవుతారు, పాస్‌వర్డ్ మానిటర్ అంచున స్టిక్కర్ మీద ఉంటుంది.

మీ వీధిలోనే ఉండే, నెట్‌వర్క్ మీద గడియారాలను కలిపే ఎన్‌టీపీ గారిని చూడండి, మర్యాద అంటే అదీ. డెలావేర్ యూనివర్సిటీలో డేవిడ్ మిల్స్ గారు పెంచిన బిడ్డ, 1985 నుంచి ఊరూరా గడియారాలు సరిచేస్తూ తిరుగుతున్నారు. గడియారం కాస్త తప్పితే దాన్ని గెంతించరు. కొద్దిగా వేగం పెంచో తగ్గించో దారిలోకి తెస్తారు. ఆ దిద్దుబాటు సెకనుకు 500 మైక్రోసెకన్లు మించదు కాబట్టి, ఒక్క సెకను తేడాని ఇలా సర్దాలంటే అరగంటకు పైనే పడుతుంది. మామూలుగా తేడా 128 మిల్లీసెకన్లు దాటితే తప్ప గెంతు జోలికి పోరు. వెయ్యి సెకన్లు దాటితే 'ఇక్కడేదో తిరకాసు ఉంది' అని పని మానేసి వెళ్లిపోతారు. మీరు? నాలుగు వందల ఏళ్లయినా ఒక్క గెంతే. మన దేశ సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ వాళ్లు కూడా 2022 ఏప్రిల్‌లో కంపెనీలూ డేటా సెంటర్లూ తమ గడియారాలను సర్కారీ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ లేదా ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ టైమ్‌కి కలుపుకోవాలని ఆదేశించారు. అంటే ఎవరి టైమ్ వాళ్ల సొంతం కాదని సర్కారే చెప్పింది. పెద్దాయనకి ఈ ఆదేశం వినిపించాను. "అది పెద్దోళ్లకిలే" అన్నాడు.

మీ జాతి చేసిన ఒక్క మేలు చెప్పకపోతే పాపం తగులుతుంది. 2012 జూన్ 30 అర్ధరాత్రి, యూటీసీ లెక్కలో, భూమి తిరుగుడుతో లెక్క కుదరడానికి ప్రపంచ గడియారానికి ఒక సెకను అదనంగా కలిపారు, దాన్నే లీప్ సెకను అంటారు. మనకి అది జులై 1 ఆదివారం తెల్లవారుజామున ఐదున్నర. లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో ఒక లోపం వల్ల, ఎన్నో సర్వర్లలో జావా ప్రోగ్రామ్‌లూ డేటాబేస్‌లూ పనేమీ లేకుండానే సీపీయూని ఉడికించేశాయి. రెడిట్ సైటు పడిపోయింది. మందేమిటో తెలుసా? గడియారం ఎంత చూపిస్తోందో అడిగి, అదే టైమ్‌ని మళ్లీ దానికే పెట్టడం. ఒక్క లైను. మీ లైనక్స్ చుట్టం వచ్చి గడియారాన్ని ముట్టుకోగానే లోపల దారితప్పిన టైమర్లన్నీ సర్దుకున్నాయి. ఏమీ మార్చకుండా వెళ్లిన రోజే మీవాళ్లు లోకానికి అంత ఉపకారం చేశారు. గమనించగలరు.

నా మనవి చిన్నది. టెస్టింగ్ కోసం మిమ్మల్ని పిలిచే ప్రోగ్రామర్లను లోపలికి రానివ్వకండి. నెలాఖరు బిల్లు ఎలా వస్తుందో చూడాలంటే ప్రోగ్రామ్‌కి తేదీని బయటి నుంచి అందిస్తే సరిపోతుంది. జావా భాషలో 2014 నుంచి క్లాక్ అనే రెడీమేడ్ ప్రోగ్రామ్ ముక్క ఇందుకే ఉంది, కావాలంటే దాన్ని ఒక క్షణం దగ్గర కట్టేసి ఉంచొచ్చు. లైనక్స్‌లో లిబ్‌ఫేక్‌టైమ్ అని ఒకాయన ఉన్నారు, అడిగిన ప్రోగ్రామ్ ఒక్కదాని చెవిలోనే అబద్ధం చెబుతారు. మిగతా మిషన్ నిజంలోనే బతుకుతుంది. ఎంత సమయం గడిచిందో కొలవాలనుకునేవాళ్లను ఎప్పుడూ ముందుకే నడిచే మోనోటోనిక్ క్లాక్ దగ్గరకు పంపండి. ఆయన్ని మీరు కూడా వెనక్కి గెంతించలేరు, ఎవరూ గెంతించలేరు.

2038 జనవరి 19న, మన లెక్కలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్ల తర్వాత, 1970 నుంచి సెకన్లను 32 బిట్లలో లెక్కపెట్టే పాత గడియారాలు నిండిపోయి 1901కి తిరిగిపోతాయి. దాన్ని ముందే పరీక్షిద్దామని చాలామంది మీ ఇంటి తలుపు తడతారు. కంప్యూటర్ లోపల ఉత్తుత్తి కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మిషన్‌లోకి రమ్మంటే వెళ్లండి, అక్కడ మీ ఇష్టం. లైవ్ సర్వర్‌లోకి రమ్మంటే మాత్రం ఆ 1314 మొహాన కొట్టండి. అడిగింది నేనైనా సరే.

ఇట్లు,
మార్చి 31న ఫోన్ స్విచాఫ్ చేసుకునే
మీ విధేయుడు