గడ్డి పెంచేవాడి కొడుకు

గోల్ఫ్ అనగానే అనంతపురంలో ఎవరైనా నవ్వుతారు. ఎండాకాలం వస్తే ట్యాంకర్ కోసం బిందెలు వరుసపెట్టే ఊళ్లున్న చోట, వంద ఎకరాలకు పైగా గడ్డిని నీళ్లు పెట్టి పెంచే ఆట మీద సంపాదకీయమా అని అడిగితే తప్పు పట్టలేం. అయినా రాస్తున్నాం. ఈ ఆటలో పైకొచ్చిన ఒక మనిషి కథ, రాత్రి బెంగళూరు బస్సెక్కే మన కుటుంబాల కథకు బాగా దగ్గరగా ఉంది.

ఆయన పేరు శివశంకర్ ప్రసాద్ చౌరాసియా. 1978లో కోల్‌కతాలో పుట్టాడు. తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో గ్రీన్‌కీపర్, అంటే గడ్డి పెంచి, కత్తిరించి, చదును చేసే పనివాడు. 1829లో పెట్టిన క్లబ్బు అది. బ్రిటన్, ఐర్లండ్ దాటి వస్తే అంత పాతది ఇంకొకటి లేదంటారు. దొరలు తమ కోసం వేసుకున్న ఆ మైదానంలో పనివాడి కొడుకు పదేళ్ల వయసులో కర్ర పట్టాడు. చెప్పి నేర్పిన కోచ్ లేడు. ఆడేవాళ్లను చూసి, తనే కొట్టి చూసుకుని నేర్చుకున్నాడు. 1997లో ప్రొఫెషనల్ అయ్యాడు.

ఆరడుగుల ఆటగాళ్లు బంతిని మూడు వందల గజాలు బాదే ఆటలో చౌరాసియా చిన్నపాటి మనిషి. దూరంలో వాళ్లతో పోటీ పడలేడు. అందుకే దగ్గరి ఆట పట్టుకున్నాడు. గోల్ఫ్‌లో బంతి చివరికి పడాల్సిన గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు. మన ఇళ్లలో కంచంలో పెట్టే రాగి సంగటి ముద్ద కాస్త పెద్దదైతే అందులో దూరదు. ఇరవై గజాల అవతల గడ్డిలో ఇరుక్కున్న బంతిని కొద్దిగా గాల్లోకి లేపి, అనుకున్నచోట దింపి, అక్కడి నుంచి నేల వాలు చూసుకుని ఆ గుంత పక్కకు దొర్లించాలి. దాన్ని చిప్ అంటారు. ఇక మిగిలిన నాలుగైదు అడుగులు దొర్లించి గుంతలో వేయడం పట్. వీధిలో గోలీలాడిన ఎవరికైనా ఇందులో కష్టమేమిటో చప్పున అర్థమవుతుంది. చౌరాసియా ఈ రెండింట్లో ఎంత ఆరితేరాడంటే, తోటివాళ్లు ఇంటిపేరునే మార్చి ‘చిప్‌పట్‌సియా’ అని పిలిచారు. గడ్డి ఎటు వాలుతుందో, బంతి ఎక్కడ ఆగుతుందో తెలియడం గడ్డి పెంచే ఇంట్లో పుట్టినవాడికి వచ్చిన ఆస్తి అని మాకనిపిస్తుంది.

2008లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో జరిగిన ఇండియన్ మాస్టర్స్‌లో యూరోపియన్ టూర్ (యూరప్ ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీల వరుస) ఆటగాళ్లందరినీ దాటి గెలిచాడు. 2011లో అవంతా మాస్టర్స్ గెలిచాడు. సొంత దేశపు ఇండియన్ ఓపెన్ మాత్రం చాలాకాలం చేతికి అందలేదు. నాలుగుసార్లు రెండో స్థానంతోనే సరిపెట్టుకున్నాడు. 2015లో ముందంజలో ఉండి కూడా ప్లేఆఫ్‌లో, అంటే స్కోరు సమానమైతే ఆడే అదనపు పోరులో, మరో భారత గోల్ఫర్ అనిర్బన్ లాహిరి చేతిలో ఓడాడు. మరుసటి ఏడాది అదే లాహిరిని వెనక్కి నెట్టి కప్పు అందుకున్నాడు. 2017లో ఏడు స్ట్రోకుల తేడాతో మళ్లీ గెలిచాడు. బంతిని కొట్టే ఒక్కో దెబ్బ ఒక స్ట్రోకు, తక్కువ దెబ్బల్లో ముగించినవాడే విజేత. మధ్యలో రియో ఒలింపిక్స్, ఆ తర్వాత అర్జున అవార్డు.

కప్పుల లెక్క అందరికీ కనిపిస్తుంది. వాటి మధ్య బతుకు కనిపించదు. ప్రొఫెషనల్ గోల్ఫర్‌కు జీతం లేదు. టోర్నీ మామూలుగా నాలుగు రోజులు. రెండు రోజులయ్యాక స్కోరు చూసి కట్ గీత గీస్తారు. దాని కింద ఉన్నవాళ్లు మూట సర్దుకోవడమే, చేతికి రూపాయి రాదు. విమానం, హోటల్, కర్రల సంచి మోసే క్యాడీ కూలి మాత్రం జేబులోంచే. మన వేరుశనగ రైతుకు ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు. పెట్టుబడి ముందు, పంట దైవాధీనం. నాన్నకు క్లబ్బులో నెల జీతం వస్తున్న ఇంట్లో ఈ దారి పట్టడానికి ఎంత గుండె కావాలి!

చౌరాసియా ఒక్కడే కాదు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారత ప్రొఫెషనల్ అలీ షేర్, 2009లో గెలిచిన బెంగళూరు మునియప్ప, ఇద్దరూ ఇతరుల సంచులు మోసిన క్యాడీలే. అదే బెంగళూరులో ఆట నేర్చిన గోల్ఫర్ అదితి అశోక్ 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క స్ట్రోకు తేడాతో కాంస్యం పోగొట్టుకున్న ఉదయం, బర్డీ అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా మన దగ్గర టీవీకి అతుక్కుపోయారు. ఆమె దారి వేరు, పక్కన తల్లిదండ్రులున్నారు. క్యాడీల పిల్లలకు ఆ వీలు తక్కువ.

ఇదంతా చదివి ఇక్కడ గోల్ఫ్ కోర్సు వేయమని అడుగుతున్నామనుకుంటారేమో. వద్దే వద్దు. ఎండిపోతున్న చీనీ చెట్లకు ట్యాంకర్లతో నీళ్లు తోలిన రైతుల నేల ఇది. పర్యాటకం పేరుతో అలాంటి ప్రతిపాదన ఎవరైనా తెస్తే మొదట ఎదిరించేది మేమే. ఎడారి ప్రాంతాల్లో గుంత చుట్టూ గడ్డి బదులు నూనె కలిపిన ఇసుకతో ‘బ్రౌన్స్’ వేసుకుని ఆడతారు. పిల్లలకు పట్టింగ్ నేర్పాలంటే బడి ఆవరణలో ఒక మూల చాలు. టెన్నిస్ కూడా డబ్బున్నవాళ్ల ఆటే కదా, అయినా 2010లో నాదల్ ఫౌండేషన్ బడి పెట్టింది మన అనంతపురంలోనే. పల్లె పిల్లలు రాకెట్లు పట్టారు, ఎవరూ నవ్వలేదు.

మన కదిరి, కళ్యాణదుర్గం వైపు నుంచి వలసపోయిన కుటుంబాలు బెంగళూరులో ఎవరెవరి పచ్చికలకో నీళ్లు పడుతున్నాయి. వాళ్ల పిల్లలు గేటు అవతల నిలబడి చూస్తున్నారు. కొన్ని గోల్ఫ్ క్లబ్బుల్లో సోమవారం సభ్యులకు సెలవు. గడ్డి పనులు చూసుకునే రోజు. క్యాడీలు తమ ఆట ఆడుకునేదీ ఆ రోజే. ఆ సోమవారాల్లో పనివాళ్ల పిల్లలకు నాలుగు గంటలు, నాలుగు పాత కర్రలు ఇవ్వాలని క్లబ్బులను కోరుతున్నాం. రాష్ట్ర క్రీడా శాఖ కూడా పతకం వచ్చాక పిలిచి శాలువా కప్పేముందు, కట్ దగ్గర ఆగిపోయిన వారాల్లో బస్సు ఖర్చుకైనా ఆదుకునే ఏర్పాటు చేయాలి.