పది గుర్రాలకు ఒక్క మనిషా?
విజయనగరంలో పెళ్లి ఊరేగింపు గుర్రాల శాలల్లో పది గుర్రాలకు ఒక మనిషి చాలని రాశారు, అస్సలు చాలడు. పేడెత్తి తడిగడ్డి మార్చడానికే గుర్రానికి అరగంట. మాలిష్, మేత, నీళ్లు, గిట్టలు కలిపితే గంటన్నర. ఐదు గుర్రాలంటేనే పొద్దస్తమానం పని. తీరిక లేకపోతే ముందు ఎగ్గొట్టేది గిట్టల పనే. మన వానాకాలం చిత్తడికి గిట్ట అడుగున మెత్తటి భాగం పక్క గాడుల్లో పేడ ఇరుక్కుని, నల్లగా కుళ్లి కంపు కొడుతుంది, వదిలేస్తే గుర్రం కుంటుతుంది. రాత్రి కాపలా మనిషి వేరేగా ఉండాలి. గుర్రానికి వాంతి అవ్వదు, అందుకే దానికి కడుపునొప్పి ప్రమాదం. కడుపునొప్పితో పొర్లుతుంటే తెల్లారేదాకా ఎవరూ చూడకపోతే ప్రాణం పోవచ్చు. సెలవు పెట్టినవాడి బదులు మనిషినీ లెక్కలో వేయండి.