ఆలోచించడం ఎవరూ నేర్పక్కర్లేదా?

ఈమధ్య ఒక మెసేజ్ చేతులు మారుతూ నా దగ్గరికి మూడుసార్లు వచ్చింది. మూడోసారి పంపింది మా అన్నయ్య. మాటలు కాస్త అటూ ఇటూ అయినా సారాంశం ఒకటే. "ఆలోచించడం పుట్టుకతో వస్తుంది, ఒకరు నేర్పేది కాదు. కామన్ సెన్స్, అనుభవం ఉన్నవాడికి లాజిక్ పాఠాలు అక్కర్లేదు. అవి చదివినవాళ్ళు ప్రతిదానికీ అడ్డుపుల్ల వేసే వితండవాదులవుతారు. వాదించి ఎవరి మనసూ మార్చలేం. ఎవరి అభిప్రాయం వాళ్ళది."

చదివి బాధేసింది. బడిలో పిల్లలకు తర్కం నేర్పాలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా జనం ఇదే పంపుతున్నారు. పెద్దలు తలూపుతున్నారు, అంతటితో చర్చ ఆగిపోతోంది. అందుకే ఇందులోని ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"పుట్టుకతో వస్తుంది, కామన్ సెన్స్ చాలు."

దీనికి జవాబు చెప్పేముందు చిన్న పరీక్ష పెడతాను. బల్ల మీద నాలుగు కార్డులున్నాయి. ప్రతి కార్డుకూ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె ఉంటాయి. పైకి కనిపిస్తున్నవి వరసగా: అ, క, 4, 7. నేనొక నియమం చెప్తాను: "ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉంటుంది." ఇది నిజమో కాదో తేల్చడానికి ఏయే కార్డులు తిప్పి చూడాలి? అవసరం లేని కార్డు ఒక్కటి కూడా తిప్పకూడదు.

ఒక్క నిమిషం ఆగి మీ జవాబు అనుకోండి.

ఎక్కువమంది "అ, 4" అంటారు. కొందరు "అ ఒక్కటే" అంటారు. సరైన జవాబు అ, 7. అ వెనక బేసిసంఖ్య ఉంటే నియమం తప్పుతుంది, కాబట్టి దాన్ని తిప్పాలి. 4 వెనక అచ్చు ఉన్నా హల్లు ఉన్నా నియమానికి వచ్చే నష్టమేమీ లేదు. హల్లు వెనక సరిసంఖ్య ఉండకూడదని మనం అనలేదు కదా. 7 సంగతి అలా కాదు. దాని వెనక 'ఇ' కనిపించిందంటే నియమం అక్కడే కూలిపోతుంది.

పీటర్ వాసన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో ఈ పరీక్షను ముందుకు తెచ్చాడు. అక్షరాలు, అంకెలతో పెట్టినప్పుడు సరిగ్గా చెప్పేవాళ్ళు పదిమందిలో ఒకరు మించరని ఆ తర్వాత ఎన్నో ప్రయోగాల్లో తేలింది. ఆ ప్రయోగాల్లో కూర్చున్నవాళ్ళలో చాలామంది యూనివర్సిటీ విద్యార్థులే. 1982లో ఇదే లెక్కను "బీరు తాగుతున్న మనిషికి 19 ఏళ్ళు దాటి ఉండాలి" అన్న నియమంగా మార్చి అడిగితే దాదాపు నాలుగింట మూడొంతుల మంది సరిగ్గా చెప్పారు. లెక్క అదే, మారింది వేషం. తెలిసిన చోట, ముఖ్యంగా ఎవరో నియమం తప్పుతున్నారేమో పట్టుకోవాల్సిన చోట, మన సహజబుద్ధి బాగానే పని చేస్తుంది. కొత్త చోట అదే బుద్ధి అంతే నమ్మకంగా తప్పు జవాబిస్తుంది. మెసేజ్ రాసినవాళ్ళు మొదటి సగం చూశారు, రెండో సగం వదిలేశారు.

ఎందుకిలా పొరబడతామన్నదానికి ఒకటి కంటే ఎక్కువ వివరణలున్నాయి. నన్ను కదిలించేది మాత్రం ఒక్కటే. మన చెయ్యి 7 వైపు పోదు. నియమాన్ని కాదని తేల్చగలిగే కార్డు కళ్ళెదుటే ఉన్నా దాన్ని వదిలేస్తాం. ఈ 7 గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఇక్కడే ఇంకో మాట. "మావాడు తెలివైనవాడు, వాడికివన్నీ ఎందుకు" అనే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. 1991లో డేవిడ్ పెర్కిన్స్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ప్రచురించిన ఫలితాల ప్రకారం ఐక్యూ ఎక్కువ ఉన్నవాళ్ళు తమ పక్షానికి ఎక్కువ కారణాలు చెప్పగలిగారు. అవతలి పక్షం కారణాలు ఆలోచించడంలో మాత్రం ఐక్యూ వల్ల తేడా కనిపించలేదు. తెలివి మంచి లాయరును ఇస్తుంది. జడ్జిని విడిగా తయారుచేసుకోవాలి.

"అనుభవమే గురువు."

1840ల్లో వియన్నా జనరల్ ఆస్పత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. మొదటిదాంట్లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు కాన్పులు చేసేవారు. రెండోదాంట్లో మంత్రసానులు. బాలింతలకు వచ్చే జ్వరంతో మొదటి విభాగంలో సగటున నూటికి పదిమంది దాకా చనిపోతుంటే రెండోదాంట్లో నలుగురికి మించేవారు కాదు. మొదటి విభాగంలో అనుభవానికేం కొదవ? ఏళ్ళ తరబడి అక్కడే పనిచేసిన డాక్టర్లున్నారు. వాళ్ళ దగ్గర వివరణలు కూడా ఉన్నాయి: గాలిలో ఏదో దోషం ఉంది, జనం కిక్కిరిసిపోయారు, చావు గంట కొట్టించుకుంటూ పాదిరి వార్డులోంచి వెళ్తుంటే ఆడవాళ్ళు భయపడిపోతున్నారు.

ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే కుర్ర డాక్టరు ఒక్కో వివరణనూ పట్టుకుని ఒకే ప్రశ్న అడిగాడు: ఇదే కారణమైతే ఇంకా ఏం జరగాలి? గాలే కారణమైతే రెండు విభాగాల్లోనూ చావులు ఒకేలా ఉండాలి, రెండూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి. అలా లేవు. ఇరుకే కారణమైతే రెండో విభాగంలో ఎక్కువమంది చనిపోవాలి, అక్కడే రద్దీ ఎక్కువ. అలా జరగలేదు. పాదిరిని చుట్టుదారిలో, గంట లేకుండా రమ్మన్నారు. చావులు తగ్గలేదు. ఒక్కో వివరణా ఇలా రాలిపోయింది.

1847లో ఆయన సహోద్యోగి యాకోబ్ కొలెట్ష్కాకు శవపరీక్ష చేస్తుండగా కత్తి గుచ్చుకుంది. ఆయన అవే లక్షణాలతో చనిపోయాడు. శవాలను కోసిన చేతులతోనే డాక్టర్లు, విద్యార్థులు కాన్పులకు వస్తున్నారు. మంత్రసానులు శవాలను ముట్టరు. మే నెల మధ్యలో సెమ్మెల్‌వైస్ క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి చేశాడు. ఏప్రిల్‌లో నూటికి 18 దాటిన మరణాలు జూన్‌కల్లా రెండు చిల్లరకు, జూలైలో ఒకటి చిల్లరకు పడిపోయాయి. సూక్ష్మజీవుల వల్ల జబ్బులొస్తాయన్న సంగతిని వైద్యలోకం అప్పటికి గుర్తించలేదు. ఆయన అనుకున్న కారణం కూడా పూర్తిగా సరైనది కాదు. అయినా ప్రాణాలు నిలిచాయి.

ఆయన చేసింది ఏమిటో చూడండి. "ఇది నిజమైతే అది జరగాలి. అది జరగలేదు. కాబట్టి ఇది నిజం కాదు." 7 కార్డు తిప్పడమంటే ఇదే. ఆ వార్డులో అందరికీ అనుభవం ఒకటే. ఆ అనుభవాన్ని ఏమని అడగాలో ఒక్కడికి తెలిసింది.

"లాజిక్ చదివితే వితండవాదులవుతారు."

వితండ అనే మాట మనకు ఇచ్చిందే తర్కశాస్త్రం. మన ప్రాచీన తర్కగ్రంథమైన న్యాయసూత్రాల్లో గౌతమ మహర్షి చర్చను మూడు రకాలుగా విడగొట్టాడు. నిజం తేల్చుకోవడానికి ఇద్దరూ ప్రమాణాలతో మాట్లాడుకుంటే అది వాదం. గెలుపే లక్ష్యంగా, మాటల మాయలు కూడా వాడుకుంటూ చేసేది జల్పం. తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడి మాటను పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండ. ఈ తేడా తెలియనివాడికి ప్రశ్న అడిగిన ప్రతివాడూ వితండవాదిలాగే కనిపిస్తాడు. తెలిసినవాడు "నీ పక్షం ఏమిటో కూడా చెప్పు" అని ఒక్క మాట అడిగి చర్చను దారికి తెస్తాడు.

న్యాయం అని పిలిచే ఈ తర్కశాస్త్రంలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ ఉంది, పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో చూశాం కదా. మనలో చాలామందికి ఇంతవరకే తెలుసు. పాఠం ఇక్కడితో ఆగదు. నిప్పు లేనిచోట పొగ ఉందేమో కూడా చూడాలి, ఉదాహరణకు చెరువు. దీన్ని వ్యతిరేక దృష్టాంతం అంటారు. వంటింటిని చూసి తృప్తి పడకుండా చెరువు దాకా వెళ్ళి చూసి రమ్మంటున్నారు. వాసన్ పరీక్షలో మన చెయ్యి పోని ఆ 7 కార్డు ఇదే. వందల ఏళ్ళుగా పాఠంలో ఉన్న అడుగు ఇది. "నేర్పక్కర్లేదు" అన్నవాళ్ళు దీన్నే తీసేయమంటున్నారు.

అడ్డుపుల్ల వేసేవాళ్ళు లేరని అనను. వాదనలో దొర్లే నాలుగు దోషాల పేర్లు బట్టీపట్టి ఎదుటివాళ్ళ మీద విసిరేవాళ్ళను నేనూ ఎరుగుదును. వాళ్ళు నేర్చుకున్నది సగం. నేర్చుకున్నది ముందు తమ మాట మీద వాడుకోవడమన్న మిగతా సగం వాళ్ళకు ఎవరూ నేర్పలేదు.

"వాదించి ఎవరి మనసూ మార్చలేం."

ఆ నాలుగు కార్డులనే 1998లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు కాలేజీ విద్యార్థుల ముందు పెట్టారు. ఒంటరిగా కూర్చున్నవాళ్ళలో సరిగ్గా చెప్పినవాళ్ళు నూటికి పదిమంది కూడా లేరు. ఐదారుగురు కలిసి మాట్లాడుకున్న గుంపుల్లో నాలుగింట మూడు సరైన జవాబుకు చేరాయి. చెప్పుకోవడానికి కారణం ఉండి, వినే ఓపిక ఉంటే మనసులు మారతాయి. అరుచుకుంటే మారవు, అది ఒప్పుకుంటాను.

"ఎవరి అభిప్రాయం వాళ్ళది" అన్నదానికి పెద్దగా చెప్పాల్సింది లేదు. నీలం రంగు ఇష్టమంటే అది మీ అభిప్రాయం, నేనేమీ అడగను. ఫలానా మందు ఫలానా జబ్బును తగ్గిస్తుందంటే అది మీ ఒక్కరి సొంతం కాదు, దాన్ని నమ్మి ఇంకొకరు మింగుతారు. అప్పుడు ఆధారం అడగడం మిమ్మల్ని అవమానించడం కాదు.

ఆ మెసేజ్ పంపేవాళ్ళతో నేను ఒప్పుకునే మాట కూడా ఒకటుంది. విషయం తెలియకుండా ఉత్త లాజిక్‌తో ఎక్కడికీ పోలేం. వైద్యం తెలియనివాడు ఎంత తర్కం చదివినా సెమ్మెల్‌వైస్ కాలేడు. కానీ దాన్నుంచి "విడిగా నేర్పక్కర్లేదు, అదే వస్తుంది" అన్న ముగింపు రాదు. 2008లో ఫిలిప్ అబ్రామి అనే పరిశోధకుడి బృందం, ఆలోచించడం నేర్పితే ఏమవుతుందో చూసిన 117 అధ్యయనాలను, అంటే 20 వేలకు పైగా మందిని, ఒకచోట చేర్చి చూసింది. నేర్పితే మెరుగుపడుతోంది. ఆ మెరుగు అద్భుతమేమీ కాదు, ఒక మోస్తరు, అయినా స్పష్టంగా ఉంది. పాఠంతో పాటు తర్కాన్ని పేరుపెట్టి విడమరిచి చెప్పినచోట ఫలితం అన్నిటికంటే బాగుంది. పాఠంలో కలిసిపోయి అదే వంటబడుతుందిలే అని వదిలేసినచోట అన్నిటికంటే తక్కువ.

ఇదంతా పెద్ద చదువేమో అని భయపడేవాళ్ళ కోసం మా ఇంట్లో జరిగింది చెప్తాను. అన్నయ్య ఆమధ్య ఇంకో మెసేజ్ పంపాడు: "మొబైల్ ఎక్కువ చూసే పిల్లలకు మార్కులు తక్కువ వస్తున్నాయి కాబట్టి మొబైల్ తీసేసుకుంటే మార్కులు పెరుగుతాయి." అది తన గురించేనని వాళ్ళమ్మాయికి అర్థమైంది. తొమ్మిదో తరగతి. ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అంతా అబద్ధం బాబాయ్."

"అబద్ధమో కాదో తర్వాత చూద్దాం. ముందు విడదీద్దాం, పెన్ను తీసుకో."

'కాబట్టి' కింద గీత గీయమన్నాను. దానికి ముందున్నది ఆధారం, తర్వాత ఉన్నది ముగింపు. 'ఎందుకంటే' ఉంటే వరస తిరగబడుతుంది. ఆ రెండు మాటలు పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. తర్వాత రెండింటి మధ్యా ఖాళీ గడి గీసి, "ఇక్కణ్ణుంచి అక్కడికి దూకాలంటే చెప్పకుండా దాచిన మాట ఏది?" అని అడిగాను. కాసేపు పెన్ను కొరికి రాసింది: "మార్కులు తగ్గడానికి మొబైలే కారణం." ఇంకెలా జరిగి ఉండొచ్చో రాయమంటే, "పాఠం అర్థం కానివాళ్ళే విసుగొచ్చి మొబైల్ పట్టుకుంటారేమో" అని రాసింది. కార్డుల ఆట తనకు అంతకుముందే చూపించాను. "మరి ఇందులో 7 ఏది?" అంటే చప్పున చెప్పింది: "మొబైల్ తీసేసుకున్నా మార్కులు పెరగని పిల్లలు ఉన్నారేమో చూడాలి."

అంతటితో వదల్లేదు. తన వాదన కూడా రాయమన్నాను. "నేను మొబైల్‌లో చదువుకుంటాను కాబట్టి అది నా దగ్గరే ఉండాలి" అని రాసి, గడి గీసి, "చూసేదంతా చదువే" అని నింపి, కాసేపు దానివంకే చూసి తనే కొట్టేసింది. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది.

సాయంత్రం అన్నయ్య ఆ కాగితం చూశాడు. "అయితే మొబైల్ ఇచ్చేయమంటావా?" అన్నాడు.

"నేనలా అనలేదన్నయ్యా. నువ్వు పంపిన కారణం నిలబడదంటున్నాం. ముగింపు తప్పని తేలలేదు. తీసేసుకోవడానికి వేరే మంచి కారణం ఉంటే అది కూడా ఇలాగే రాయి, చూద్దాం."

అన్నయ్య వెళ్ళి కూతురు పక్కన కూర్చుని పెన్ను అడిగాడు.