ఆ ప్రశ్నార్థకం ఎక్కడికి పోయింది?

మీటింగులో నా స్క్రీన్ అందరికీ కనబడుతోంది. ఏవో లెక్కలు చూపిస్తున్నాను, అవి వదిలేయండి. ఇంతలో కుడివైపు మూల నుంచి మెయిల్ నోటిఫికేషన్ పైకి లేచింది: “రీ: అభినందనలు! మీ కొత్త ఉద్యోగం ఖరారైనట్టే...”

నోటిఫికేషన్ కాసేపుండి దానంతటదే పోతుందంటారు. అలా అన్నవాళ్లెవరూ మేనేజరు చూస్తుండగా దాన్ని చూసి ఉండరు. మూసేద్దామని మౌస్ అటు తీసుకెళ్తే అది నా ఆత్రాన్ని ఆసక్తి అనుకుని ఇంకాస్త విచ్చుకుంది. కరచాలనం చేసుకుంటున్న రెండు చేతుల బొమ్మ, కింద ఆకుపచ్చ బటన్: “ఎప్పుడు చేరతారు?” మేనేజరుగారు గొంతు సవరించుకున్నారు. మీటింగ్ పొడవునా మొహం చూపించని హెచ్ఆర్ మేడం ఠక్కున కెమెరా ఆన్ చేశారు. ఎవరో పుణ్యాత్ముడు చాట్‌లో “కంగ్రాట్స్” కొట్టాడు. ఇంకా “రీ:” ఒకటి! జన్మలో వాళ్లకు నేను ఒక్క మెయిల్ రాస్తే ఒట్టు. దేనికి జవాబో మరి, నా నిట్టూర్పుకేమో!

తర్వాత తెరిచి చూస్తే పూర్తి సబ్జెక్ట్ ఇదీ: “...ఖరారైనట్టే అనిపిస్తోందా?” రెజ్యూమే దిద్దిపెట్టేవాళ్ల ప్రకటన. ఆ “అనిపిస్తోందా?” నోటిఫికేషన్‌లో పట్టదు. పట్టదని తెలిసే అక్కడ పెట్టారు. సబ్జెక్ట్ లైన్‌తో మోసగించకూడదని అమెరికా 2003లోనే చట్టం చేసింది. కానీ ప్రశ్న అడగడం మోసమని ఏ జడ్జి దగ్గర రుజువు చేస్తాం?

మెయిల్ సర్వీసువాళ్లకు రాస్తే, ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ పాస్, పంపినవాడి చిరునామా అసలుదో కాదో చూసే పరీక్షలన్నీ నెగ్గింది, అంతా సక్రమమే అన్నారు. అంటే, పంపింది వాళ్లేనని రుజువైంది. చెప్పింది నిజమా కాదా అన్నది సిలబస్‌లో లేదు. దొంగ అసలు పేరే చెప్పాడు కదా అని తలుపు తీసినట్టుంది. అదే సర్వీసు మా హెచ్ఆర్ పంపిన ఇంక్రిమెంట్ లెటర్‌ని మాత్రం అనుమానాస్పదమని స్పామ్‌లోకి తోసింది.

ఇలాంటివి ఆపితే, చట్టబద్ధమైన వ్యాపారాన్ని ఆపడానికి మీరెవరని ప్రకటనలవాళ్లు మెయిల్ సర్వీసుతో గొడవ చేస్తారట. చెయ్యనివ్వండి. ప్రకటనలా వస్తే ఇన్‌బాక్స్‌లో ప్రమోషన్ల ట్యాబ్ కింద పడేయండి, తీరిక దొరికితే చూస్తాం. “రీ:” అని వేషం కట్టుకొచ్చినవాణ్ణి మాత్రం గుమ్మంలోనే ఆపాలి. గుట్టలుగా మెయిళ్లు పంపేవాళ్ల మీద స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని గూగుల్ 2024లో షరతు పెట్టింది. బాగానే ఉంది. కానీ నేను ఫిర్యాదు చేయాలంటే ముందు నా పరువు పోవాలి కదా!

మేనేజరుగారికి మెయిల్ తెరిచి ప్రశ్నార్థకం కూడా చూపించాను. “అర్థమైంది, అర్థమైంది” అని భుజం తట్టి, నా పనులన్నీ ఎవరికి అప్పగించాలో సాయంత్రంలోగా రాసివ్వమన్నారు. పక్క సీటాయన అప్పుడే నా కుర్చీలో కూర్చుని ఎత్తు సరిచూసుకుంటున్నాడు.