మేకుల్లో పార్టీ చరిత్ర

అనంతపురంలో మా వీధి మొగన ఒక వేపమాను ఉంది. జూన్ 5, పర్యావరణ దినం, తెల్లారేసరికి దాని బోదెకు నాలుగు కొత్త మేకులు దిగాయి. మేకులకో ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద ‘వృక్షో రక్షతి రక్షితః’. దాని కింద పద్నాలుగు మంది ఫోటోలు. ఓ మొక్క ఫోటో కూడా వేశారు గానీ, అధ్యక్షులవారి మోచేతి చాటున పడి సరిగా కనపడదు.

వీళ్లది పర్యావరణ పార్టీ. దీని చరిత్ర రాయాలని నాకెప్పటి నుంచో కోరిక. ఆధారాలు దొరక్క ఆగాను. చరిత్రకారులు శాసనాలు చదువుతారు కదా, నేను మేకులు చదివాను. అన్నిటికన్నా కిందున్న తుప్పు మేకులు ఆవిర్భావ సభవి. వాటి పక్కన మూరెడు ఎడంగా ఇంకో వరుస ఉంది. అధ్యక్షుడికీ కార్యదర్శికీ ఫోటో సైజు కాడ చెడినప్పుడు పుట్టిన చీలిక వర్గానిది. ఆ రెంటి నడుమ రెండు మేకుల్ని బెరడు పూర్తిగా మింగేసింది. విలీనం అన్నమాట. ట్యూషన్ సెంటరు, బోర్‌వెల్ లారీ, ఎవరో చిన్నరాయుడి పుట్టినరోజు... ఇవి మిత్రపక్షాలు.

నిచ్చెనెక్కిన పిల్లోణ్ణి అడిగాను, “మేకులెందుకురా, దారంతో కట్టచ్చు కదా?” అని.

“దారం గాలికి నిలబడ్దన్నా. అయినా మానుకేమన్నా నొప్పి పుడ్తాదా?”

మొక్క నాటే ఘట్టానికి జనరేటర్ తెచ్చారు. మైకు కోసం. నీళ్ల బాటిళ్లు రెండు కేసులు తెచ్చారు, అవి నాయకుల కోసం. మొక్కకు నీళ్లు పొయ్యాలని ఫోటోగ్రాఫర్ గుర్తు చేస్తే అప్పుడు బిందె కోసం పరిగెత్తారు.

ఇలాంటి పార్టీలకు మూలం ఆస్ట్రేలియాలోని టాస్మేనియా రాష్ట్రం. 1972 మార్చిలో హోబర్ట్‌లో యునైటెడ్ టాస్మేనియా గ్రూప్ పుట్టింది. ప్రపంచంలో మొదటి గ్రీన్ పార్టీగా దాన్నే లెక్కేస్తారు. ఆ రాష్ట్రం జనాభా అప్పటికి నాలుగు లక్షల లోపు. అంటే మన ఉమ్మడి జిల్లాలో సుమారు పదో వంతు. కరెంటు కోసం డ్యామ్ కట్టి పెడ్డర్ అనే సరస్సును ముంచబోతున్నారు. పెద్ద పార్టీలు రెండూ డ్యామ్ వైపే. నెల తిరక్కుండానే ఎన్నికలొచ్చాయి. ఈ గ్రూప్‌కు నాలుగు శాతానికి కాస్త తక్కువగా ఓట్లొచ్చాయి, సీటు ఒక్కటీ రాలేదు. సరస్సు మునిగిపోయింది.

ఈ కథ మా అధ్యక్షులవారికి చెప్పాను. “ఓడిపోయినోళ్ల సంగతి మనకెందుకన్నా?” అన్నారు. పదకొండేళ్లకు అదే రాష్ట్రంలో ఫ్రాంక్లిన్ నది మీద డ్యామ్ ఆగిపోయిందనీ, దాని కోసం జనం పడవలేసుకుని యంత్రాలకు అడ్డం పోయారనీ, వెయ్యి మందికి పైగా అరెస్టయ్యారనీ, 1989లో గ్రీన్స్ ఐదు సీట్లు గెలిచారనీ చెప్పబోయాను. అప్పటికే ఆయన సెల్ఫీకి నవ్వుతున్నారు.

వాళ్లకు పోట్లాడటానికి ఒక సరస్సుంది, మనకేముంది అంటారా? కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు ఒక్కసారి పోయి రండి. హగరి ఏటి ఇసుక గాలికి లేచి దర్గా హొన్నూరు చేలలోకి దిబ్బలు దిబ్బలుగా నడిచొచ్చింది. శెనక్కాయ పండే నేల కళ్లముందే ఎడారి అవుతాంటే, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానకు మొగం వాచే జిల్లాలో, ఆ దిబ్బ మీద నిలబడి ఒక్క మాట మాట్లాడిన పర్యావరణ నాయకుడు నాకు కనపడలేదు. పెన్నలో రాత్రిపూట ఇసుక ట్రాక్టర్ల లైట్లు కనపడవా మీకు? వాటి ముందు పడుకోమని ఎవరూ అనట్లా, కనీసం వాటి ఓనర్ల ఫోటో మీ ఫ్లెక్సీ మీద వేసుకోకుండా ఉండలేరా? సిగ్గనేది ఒకటుంటుంది! పద్నాలుగు ఫోటోల్లో మూడోది ఎవరిదో వీధిలో అందరికీ తెలుసు.

సరే, చరిత్రలోకొద్దాం. నాలుగో రోజు ఈదురుగాలికి ఫ్లెక్సీ చినిగి పడింది. ఇడ్లీ బండామె దాన్ని దులిపి ఎండకు అడ్డంగా కట్టుకుంది. తిరగేసి కట్టింది గనక అక్షరాలు ఆకాశానికి కనపడతాయి.

సాయంత్రం నేను కటింగ్ ప్లేయర్ పట్టుకుపోయి మేకులు పీకడం మొదలుపెట్టాను. రెండు వచ్చాయి. మూడోది కదిలిస్తాండగా బైకొకటి ఆగింది. ఆకుపచ్చ కండువా.

“ఓ అన్నా! దాన్ని ముట్టుకోవద్దు, అది మా పార్టీది.”