వెళ్లేవాడికి తొంభై రోజులు, పంపేవాడికి ఒక సాయంత్రం

హైదరాబాద్‌లో ఉద్యోగం మారాలనుకునే సాఫ్ట్‌వేర్ డెవలపర్‌కి రిక్రూటర్ ఫోన్ చేస్తే, పేరు కనుక్కున్నాక అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "నోటీస్ పీరియడ్ ఎంతండీ?" అంటే రాజీనామా ఇచ్చాక పాత కంపెనీలో ఇంకా ఎన్ని రోజులు పనిచేయాలని. తొంభై రోజులని చెప్పగానే అవతలి గొంతులో ఉత్సాహం సగం పడిపోతుంది. "నెగోషియబులేనా? బైఔట్ ఉందా?" (మిగిలిన రోజులకి డబ్బు కట్టి ముందే వెళ్లొచ్చా) అని ఇంకో రెండు ప్రశ్నలు వేసి, అప్‌డేట్ ఇస్తానని పెట్టేస్తారు. ఆ అప్‌డేట్ రాదు. నౌకరీ సైట్‌లో రిక్రూటర్లు ప్రొఫైళ్లను వడపోసే చోట అనుభవం, జీతం పక్కన నోటీస్ పీరియడ్‌కి కూడా ఒక గడి ఉంటుంది. పదిహేను రోజుల్లోపు చేరేవాళ్లు చాలని అక్కడ ఒక్క టిక్కు పెడితే, మూడు నెలలవాళ్లు ఎంత పనిమంతులైనా తెర మీంచి మాయమైపోతారు. జావా ఎంత వచ్చు, సిస్టమ్ డిజైన్ ఎంత తెలుసు అన్న మాట దాకా వ్యవహారం వెళ్లనే వెళ్లదు.

ఈ మధ్య మన ఇళ్లల్లో సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడితే ఏఐ, లేఆఫ్‌లు, వీసాలు, ఈ మూడే. అవి పెద్ద విషయాలే, కాదనను. కానీ పదేళ్ల అనుభవం ఉన్న ఒక మామూలు డెవలపర్ జీతాన్ని, ఎంపికలను, ఒక్కోసారి నిజాయితీని కూడా రోజువారీగా తేల్చేది ఆఫర్ లెటర్ నాలుగో పేజీలో మనం చదవకుండా సంతకం పెట్టే ఆ ఒక్క నిబంధన. దాని గురించి మాత్రం మీమ్స్ వేసుకుని నవ్వుకోవడమే తప్ప గట్టిగా మాట్లాడుకోం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నెల రోజుల నోటీస్ మామూలు. తర్వాత అది రెండు నెలలైంది, ఆ తర్వాత పెద్ద సర్వీస్ కంపెనీల్లో మూడు నెలల దగ్గర స్థిరపడింది. కారణం బిల్లింగ్. క్లయింటు తలకింత అని డబ్బు కడతాడు, సీటు ఖాళీ అయిన రోజు నుంచి ఆ డబ్బు ఆగిపోతుంది. ఖాళీ నింపడానికి బయటి నుంచి మనిషిని తేవాలి. ఆ వచ్చే మనిషికి తన కంపెనీలో తొంభై రోజుల నోటీస్ ఉంటుంది. అంటే రావాల్సినవాడు మూడు నెలలకి గానీ రాడు కాబట్టి వెళ్లేవాడిని మూడు నెలలు పట్టుకోవాలి. అతన్ని మూడు నెలలు పట్టుకుంటారు కాబట్టి అతను చేరబోయే చోట మరొకరిని మూడు నెలలు ఆపాలి. ముడి అంతా ఇక్కడే ఉంది. ఏ ఒక్క కంపెనీ మంచితనానికి పోయి నెలకి తగ్గించినా, తన మనుషులు ముప్ఫై రోజుల్లో వెళ్లిపోతారు, కొత్తవాళ్లు తొంభై రోజులకి వస్తారు. నష్టం దానికే. అందుకని ఎవరూ ముందు తగ్గించరు.

మనుషులు వెళ్లిపోకుండా ఇది ఆపుతుందా అంటే, ఆపదని అంకెలే చెబుతాయి. కోవిడ్ తర్వాత నియామకాలు ఊపందుకున్న 2022లో ఏప్రిల్-జూన్ త్రైమాసికానికి ఇన్ఫోసిస్ అట్రిషన్, అంటే ఉద్యోగం వదిలి వెళ్లేవాళ్ల వాటా, 28.4 శాతానికి చేరింది. టీసీఎస్‌లోనూ ఆ ఏడాది 20 శాతం దాటింది. అప్పటికే పెద్ద కంపెనీల్లో తొంభై రోజులు అమల్లో ఉన్నాయి. వెళ్లాలనుకున్నవాళ్లు వెళ్లారు, మూడు నెలలు ఆలస్యంగా వెళ్లారు, అంతే. అదే ఏడాది ఇన్ఫోసిస్ ఆఫర్ లెటర్లలోని ఇంకో నిబంధన కూడా గొడవైంది. రాజీనామా చేశాక ఆరు నెలల దాకా, కొన్ని పోటీ కంపెనీల్లో చేరి అదే క్లయింటుకి పనిచేయకూడదన్నది దాని సారాంశం. పుణెకి చెందిన ఐటీ ఉద్యోగుల సంఘం నైట్స్ కేంద్ర కార్మిక శాఖకి ఫిర్యాదు చేసింది. తాళం పనిచేయకపోతే ఇంకో తాళం వేద్దామనుకోవడం మన పరిశ్రమకి కొత్త కాదు.

ఆ తొంభై రోజుల్లో జరిగేదేమిటో లోపల ఉన్నవాళ్లకి తెలుసు. పేపర్ వేసిన, అంటే రాజీనామా ఇచ్చిన మొదటి వారం మేనేజర్ మాట్లాడతాడు, ఉండిపోతే జీతం పెంచుతామని కౌంటర్ ఆఫర్ అంటాడు. రెండో వారం హెచ్‌ఆర్ మాట్లాడుతుంది. ఆ తర్వాత నెలన్నర దాకా కేటీ (తన పనిని ఇంకొకరికి వివరించి అప్పజెప్పడం) ఎవరికి ఇవ్వాలో ఎవరూ తేల్చరు. చివరి రెండు వారాల్లో హడావిడిగా ఒక మనిషిని చూపించి "అంతా ఇచ్చేయ్" అంటారు. మధ్యలోని ఖాళీలో ఏం చేస్తాడు? చేతిలో ఒక ఆఫర్ ఉంది, టైముంది, పైగా తన ప్రొఫైల్ ఇప్పుడు "సర్వింగ్ నోటీస్", అంటే త్వరలో చేరగలిగినవాడు. మార్కెట్లో అతని విలువ ఒక్కసారిగా పెరిగింది. మొదటి ఆఫర్ చూపించి రెండోది, రెండోది చూపించి మూడోది తెచ్చుకుంటాడు. చేరాల్సిన రోజు పొద్దున ఫోన్ స్విచ్ఛాఫ్.

దీన్ని హెచ్‌ఆర్ వాళ్లు విలువల పతనం అంటారు. నాకు అలా అనిపించదు. మూడు నెలల ఖాళీ ఇచ్చి, ఆఫర్ చేతిలో ఉన్న మనిషిని ఆ ఖాళీలో కూర్చోబెట్టింది మనమే కదా. అయితే ఆ చివరి రోజు స్విచ్ఛాఫ్‌ని మాత్రం సమర్థించలేను. అతని కోసం రెండు నెలలు పట్టి ఉంచిన సీటుకి ఇంకెవరో అర్హులుండి ఉంటారు, వాళ్లకి "సారీ" మెయిల్ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. ఇక కంపెనీలు కూడా తక్కువ తినలేదు. కొందరు రారని ముందే లెక్కేసుకుని రెండు సీట్లకి మూడు ఆఫర్లు ఇస్తాయి. ముగ్గురూ వస్తామంటే ఒకరికి "బిజినెస్ రీజన్స్" అని మెయిల్ వస్తుంది. అప్పటికి ఆ ఒక్కరి నోటీస్ ఎనభయ్యో రోజులో ఉంటుంది. ఫ్రెషర్లకైతే ఇది ఇంకో రకంగా జరిగింది. 6.5 లక్షల ప్యాకేజీకి ఆఫర్ ఇచ్చి నెలల తరబడి ఆపిన వాళ్లని 2023 ఫిబ్రవరిలో విప్రో 3.5 లక్షలకి చేరతారా అని అడిగింది. ఆఫర్ లెటర్ అనేది ఇచ్చినవాడికి ఎంత తేలికైన కాగితమో, పుచ్చుకున్నవాడికి ఎంత బరువో అప్పుడు చాలా ఇళ్లల్లో తెలిసింది.

ఈ గోల భరించలేక కొందరు చేతిలో ఏమీ లేకుండానే పేపర్ వేస్తున్నారు. నోటీస్ ఆఖరుకి, వెంటనే చేరగలిగే "ఇమ్మీడియట్ జాయినర్" అయిపోవచ్చని. 2021లో అది తెలివైన ఎత్తే. ఇప్పుడు, ఇంటి లోన్ ఈఎంఐ నడుస్తుండగా అలా చేయడం నీళ్లున్నాయో లేవో చూడకుండా బావిలో దూకడం లాంటిది. పెళ్లి కాని తమ్ముళ్లకి కూడా నేనిదే చెబుతున్నాను.

ఇంత చెబుతున్న నేనూ ఒకప్పుడు ఆ గేటు దగ్గర కాపలా కాసినవాడినే. టీమ్ లీడ్‌గా ఉన్నప్పుడు, ఏ కంపెనీ అన్నది అనవసరం, మా టీమ్‌లో పేమెంట్స్ మాడ్యూల్ చూసే కుర్రాడు పేపర్ వేశాడు. కొత్త చోట నలభై ఐదు రోజుల్లో రమ్మన్నారు. బైఔట్ డబ్బు కూడా వాళ్లే కడతామన్నారు. "అన్నా, మీరు ఓకే అంటే హెచ్‌ఆర్ వదిలేస్తామంటోంది" అని నా దగ్గరకొచ్చాడు. రిలీజ్ దగ్గర్లో ఉంది, నాకు టెన్షన్. కుదరదన్నాను. పూర్తి తొంభై రోజులూ ఉంచాను. అతను ఆ ఆఫర్ పోగొట్టుకున్నాడు, తర్వాత తక్కువ జీతానికి ఇంకో చోట చేరాడు. వెళ్లే ముందు వికీలో ఇరవై పేజీల కేటీ డాక్యుమెంట్ రాసి పెట్టాడు. ఆర్నెల్ల తర్వాత ఏదో వెతుకుతుంటే ఆ పేజీ కనిపించింది. దాన్ని ఎందరు తెరిచారో కింద లెక్క ఉంటుంది. ముగ్గురు. అందులో ఒకణ్ణి నేను, అదీ ఆ రోజే. అతను చివరి నెలన్నర మాకేం ఒరగబెట్టాడని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు గేటు రెండో వైపు నుంచి చూద్దాం. 2025 జూన్‌లో టీసీఎస్ కొత్త బెంచ్ విధానం తెచ్చింది (ప్రాజెక్టు లేకుండా ఖాళీగా ఉండడాన్ని బెంచ్ అంటారు). ఏడాదిలో 225 రోజులు బిల్లింగ్‌లో ఉండాలి, 35 రోజులకి మించి బెంచ్ మీద కూర్చోకూడదు. మరుసటి నెలలో, సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా తగ్గించబోతున్నట్టు ప్రకటించింది. ఎక్కువగా మధ్య, సీనియర్ స్థాయిల వాళ్లని. ఇతర చోట్ల ఇంత బహిరంగంగా కూడా జరగదు. సాయంత్రం నాలుగింటికి మీటింగ్ ఇన్వైట్ వస్తుంది, గదిలో హెచ్‌ఆర్ ఉంటారు, "మీరే రాజీనామా పెడితే లెటర్ క్లీన్‌గా ఉంటుంది" అంటారు. ఆరింటికి ల్యాప్‌టాప్ అప్పగింత. కేటీ ఊసే ఉండదు. మూడు నెలలు లేకపోతే ప్రాజెక్టు కూలిపోతుందన్న మనిషి రెండు గంటల్లో అక్కర్లేనివాడైపోతాడు.

నోటీస్ కాలపు జీతం చాలా చోట్ల చేతిలో పెడతారు, అది నిజం. ఆ వెసులుబాటు చుట్టూనే అసలు తేడా ఉంది. కంపెనీ డబ్బు కట్టి ఆ రోజే తెంచుకోవచ్చు. ఉద్యోగి డబ్బు కట్టి తెంచుకుందామంటే "మేనేజ్‌మెంట్ విచక్షణ మేరకు" అన్న మాట అడ్డొస్తుంది. ఒకే పేజీలో రెండు పక్షాలకీ తొంభై రోజులనే రాసి ఉంటుంది, చూడ్డానికి సమానమే. బయటికి పోయే తలుపు తాళంచెవి మాత్రం ఒకరి జేబులోనే.

అదే ప్రాజెక్టు మీద డల్లాస్‌లో కూర్చుని పనిచేసేవాడి సంగతి చూడండి. అమెరికాలో చాలా ఉద్యోగాలకి నోటీస్ అనేది చట్టం కాదు, రెండు వారాలు చెప్పడం మర్యాద. అతను రెండు వారాల్లో వెళ్లిపోతే ఆగని డెలివరీ, గచ్చిబౌలిలో కూర్చున్నవాడు నెలలో వెళ్తే ఆగిపోతుందట. అలాగని అక్కడంతా స్వర్గమని కాదు. హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్ల ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి, లేదా సర్దుకుని బయల్దేరడానికి గరిష్ఠంగా 60 రోజులే. ఇక్కడ కదలడానికి తొంభై రోజులు ఆగాలి, అక్కడ నిలబడడానికి అరవై రోజుల్లో పరుగెత్తాలి. ఒకే ఇంట్లో అన్న అక్కడ, చెల్లెలు ఇక్కడ ఈ రెండు క్యాలెండర్లూ లెక్కపెట్టుకుంటున్న కుటుంబాలు మనలో కొత్తేమీ కాదు.

చట్టం ఏమంటుంది? బలవంతంగా ఎవరి చేతా పని చేయించలేరు. వ్యక్తిగత సేవల ఒప్పందాన్ని అమలు చేయమని కోర్టు ఆదేశించదు, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం దగ్గర్నుంచీ అంతే. వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం చెల్లదని 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. మన రెండు రాష్ట్రాల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కూడా, ఆరు నెలలు నిండిన ఉద్యోగిని తీసేయాలంటే ఒక నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలంటుంది. ఆ చట్టం రాసినవాళ్లకి మూడు నెలలన్న ఊహ కూడా ఉండి ఉండదు.

అలాగని వాట్సాప్ గ్రూపుల్లో చెప్పినట్టు "ఏమీ చెల్లదు, మానేసెయ్ బ్రో" అనుకోవద్దు. కంపెనీ డబ్బు అడగొచ్చు. మూడేళ్లు పనిచేయకుండా వెళ్లినందుకు విజయా బ్యాంకు తన ఉద్యోగి దగ్గర తీసుకున్న 2 లక్షల రూపాయలు సబబేనని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. అది ప్రభుత్వ బ్యాంకు, నియామకాల ఖర్చు వేరు, నిజమే. కానీ ఉద్యోగంలో ఉండగా వర్తించే షరతునీ, వెళ్లిపోయాక కట్టేసే షరతునీ కోర్టు వేరుగా చూసిందన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఇక కంపెనీ చేతిలోని అసలు ఆయుధం కోర్టు కాదు, ఉద్యోగం నుంచి విడుదల చేశామని ఇచ్చే రిలీవింగ్ లెటర్. అది లేకపోతే తర్వాతి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఎర్ర గీత పడుతుంది. చెప్పకుండా మానేస్తే ఫైలులో "ఆబ్‌స్కాండింగ్" (పరారీ) అని రాస్తారు. పీఎఫ్ ఖాతాలో తేదీలు అన్నీ చెప్పేస్తాయి కాబట్టి దాచినా దాగదు.

కాబట్టి చేయగలిగింది చిన్న చిన్న జాగ్రత్తలు. రాజీనామా నోటితో చెప్పి వారం ఊరుకోకండి, రోజులు మెయిల్ పంపిన తేదీ నుంచి లెక్కకొస్తాయి. త్వరగా వదిలేస్తామని మేనేజర్ కారిడార్‌లో అన్న మాటని ఆ సాయంత్రమే మెయిల్‌లో రాసి పెట్టుకోండి, మేనేజర్లు మారిపోతుంటారు. బైఔట్ లెక్క బేసిక్ మీదా, మొత్తం జీతం మీదా అన్నది ముందే చూసుకోండి, రెండింటికీ మధ్య లక్ష రూపాయలకి పైగా తేడా రావచ్చు. దాని మీద జీఎస్టీ కూడా కట్టాలని ఎవరైనా అంటే, అక్కర్లేదని 2022 ఆగస్టులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు స్పష్టంగా సర్క్యులర్ ఇచ్చింది. ఫుల్ అండ్ ఫైనల్, అంటే వెళ్లేటప్పటి ఆఖరి లెక్క డబ్బు కోసం నలభై ఐదు రోజులు ఎదురు చూడమంటే, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌ని గుర్తు చేయండి. తీసేసినా, మానేసినా జీతం బకాయిలు రెండు పని దినాల్లో చెల్లించాలని అందులో ఉంది.

నోటీస్ గురించి బేరమాడగలిగే సమయం ఒక్కటే, ఆఫర్ వచ్చాక సంతకానికి ముందు. జీతం హైక్ మీద అరగంట బేరమాడే మనం దీన్ని అడగం. అడిగితే వెళ్లిపోయే ఆలోచనతోనే వస్తున్నాడనుకుంటారని మొహమాటం. ఈ మధ్య నాకు తెలిసిన ముగ్గురి చేత అడిగించాను. ప్రొబేషన్‌లో ఎన్ని రోజులు, తర్వాత ఎన్ని రోజులు, డబ్బు కట్టి వెళ్లే హక్కు నాకూ ఉందా అని. ఇద్దరికి "పాలసీ అండీ" అన్న జవాబు వచ్చింది. మూడో అమ్మాయికి తొంభై కాస్తా అరవై అయింది.